తవ్వే ముందు బురదకూ ఒక లెక్క రాయండి

జాతీయ గ్రీన్‌హౌస్ వాయువుల లెక్కలకు పద్ధతులు రూపొందించే ఐపీసీసీ (వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి అంతర్ప్రభుత్వ సంఘం) టాస్క్‌ఫోర్స్ సభ్యులకు, ఆ పద్ధతుల ప్రకారం తమ దేశాల లెక్కలు కట్టే అధికారులకు, తీర సరస్సుల్లో పూడికతీతకు అనుమతులిచ్చే శాఖల వారికి

నమస్కారం.

ఐపీసీసీ 2013లో తెచ్చిన చిత్తడి నేలల అనుబంధంలో తీరప్రాంతాల కోసం ఒక అధ్యాయం ఉంది. మడ అడవులు, ఆటుపోట్లు తగిలే ఉప్పు చిత్తడి నేలలు, సముద్రపు గడ్డి – ఈ మూడింటినీ, వాటి కింది మట్టినీ ఎలా లెక్కకట్టాలో అందులో రాశారు. మంచి పని చేశారు. అంతకుముందు ఆ పాటి కూడా లేదు. కానీ ఈ మూడింటికీ పక్కనే, చాలాచోట్ల వీటి నడుమనే పరుచుకుని ఉండే లగూన్ (తీర సరస్సు) అడుగు బురదకు అందులో చోటు దొరకలేదు. పైన మొక్క ఉంటే కింది మట్టికి లెక్క ఉంటుంది. మొక్క లేకపోతే అదే మట్టి ఎవరికీ పట్టదు. బురద తవ్వే యంత్రం డ్రెడ్జర్ వచ్చి సముద్రపు గడ్డిని తవ్విపోస్తే దాన్ని ఉద్గారాల కింద రాయడానికి పద్ధతి ఉంది. అదే డ్రెడ్జర్ వంద మీటర్లు అవతలికి జరిగి, గడ్డి లేని చోట వేల ఏళ్ల బురదను తవ్విపోస్తే లెక్కలో పడేది సున్నా.

ఆ సున్నా గురించే ఈ ఉత్తరం. లగూన్లకు కార్బన్ క్రెడిట్లు, అంటే దాచిన కార్బన్ పేరిట అమ్ముకునే పత్రాలు, ఇప్పించమని నేను అడగడం లేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. 2009లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం నివేదికతో ‘బ్లూ కార్బన్’ (తీర, సముద్ర ఆవాసాల్లో నిల్వ ఉండే కార్బన్) అనే మాట వాడుకలోకి వచ్చినప్పటి నుంచీ, తీరం, కార్బన్ అనే రెండు మాటలు కలిసి వినబడితే చాలు, అమ్మకానికి ఏదో వచ్చిందనుకుంటున్నారు. నేను అడిగేది ఖర్చు వైపు పద్దు. ఉన్నదాన్ని చెడగొట్టినప్పుడు, చెడగొట్టామని రాయమంటున్నాను.

ఈ ఉత్తరం మీతోపాటు మామూలు పాఠకులూ చదువుతారు కాబట్టి లగూన్ గురించి కాస్త. సముద్రానికీ నేలకూ మధ్య ఇసుక దిబ్బ అడ్డుపడి, ఒకటి రెండు సన్నటి ముఖద్వారాల గుండా మాత్రమే సముద్రంతో కలిసే లోతులేని సరస్సు అది. చిలికా, పులికాట్, వెనిస్ లగూన్, స్పెయిన్‌లోని మార్ మెనోర్, బ్రెజిల్‌లోని పాటోస్ – అన్నీ ఈ కోవలోవే. ప్రపంచ తీరరేఖలో సుమారు 13 శాతం వీటిదే. హిమయుగం తర్వాత పెరుగుతూ వచ్చిన సముద్రమట్టం 6–7 వేల ఏళ్ల కిందట నెమ్మదించాకే ఇప్పుడున్న లగూన్లలో చాలావరకు రూపు కట్టాయి. నది తెచ్చిన ఒండ్రు, ఆటుపోటు తెచ్చిన సన్నమట్టి, లోపలే పుట్టి చచ్చిన నాచు, గడ్డి అప్పటినుంచీ వాటిలో చేరుతూనే ఉన్నాయి. లోపల అలల జోరుండదు, బయటికి దారి ఇరుకు. ఒకసారి లోపలికొచ్చిన సన్నమట్టి అంత తేలిగ్గా బయటపడదు.

పక్షులు, ఆవాసాల విషయంలో లగూన్ ఎప్పుడో కాగితాలకెక్కింది. చిత్తడి నేలల రక్షణ కోసం కుదిరిన రామ్సర్ ఒప్పందం వర్గీకరణలో ఉప్పునీటి తీర లగూన్లకు ‘జె’, మంచినీటి తీర లగూన్లకు ‘కె’ అని విడివిడిగా అక్షరాలున్నాయి. యూరోపియన్ యూనియన్ ఆవాసాల ఆదేశంలో తీర లగూన్లకు 1150 అనే కోడ్ ఉంది, అదీ ప్రాధాన్య ఆవాసం హోదాతో. కార్బన్ దగ్గరికొచ్చేసరికే గడి ఖాళీ. కొండల మధ్య లోతుగా చొచ్చుకొచ్చే ఫియోర్డులకు 2015లో ఆ గడి నిండింది. వాటిలో ఏటా 1.8 కోట్ల టన్నుల సేంద్రియ కార్బన్ పూడుతోందని, సముద్రాలన్నిటిలో ఏటా పూడేదాంట్లో అది 11 శాతమని ఒక అధ్యయనం తేల్చింది. వాటి విస్తీర్ణంతో పోలిస్తే అది చాలా పెద్ద వాటా. అప్పటిదాకా ఫియోర్డుల్ని పర్యాటకుల వ్యవహారంగానే చూసినవారు ఆ అంకె విని అటు తలతిప్పి చూశారు. లగూన్ల మీద జరిగిన పని మాత్రం సరస్సుకొకటి చొప్పున ఎక్కడికక్కడ విడిగా పడి ఉంది.

ఇక బురద దగ్గరికి వద్దాం. నడుము లోతు నీళ్లలో ఒక ప్లాస్టిక్ గొట్టాన్ని నిలువుగా దించి, పై మూత బిగించి లాగితే మీటరు పొడవు కోర్ వస్తుంది. దాన్ని నిలువునా చీల్చి బల్ల మీద పెట్టండి. పైన కొద్ది మిల్లీమీటర్లు మాత్రం లేత గోధుమ రంగులో ఉంటుంది. ఆక్సిజన్ చేరేది అంతవరకే. దాని కింద ఒక్కసారిగా నలుపు, గది నిండా కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఇంకా కిందికి వెళ్తే నలుపు తగ్గి బూడిద రంగు తేలుతుంది, బురద గట్టిపడుతుంది, అక్కడక్కడా గవ్వల పొర, ఎప్పటివో గడ్డి వేళ్ల పోగులు కనిపిస్తాయి. ఇప్పుడు ఆ నల్లటి భాగాన్ని అలాగే గాలికి వదిలేయండి. కొన్ని గంటల్లో పైపొర నలుపు పోయి బూడిద రంగుకు, ఆపైన గోధుమ రంగుకు తిరుగుతుంది. బురదలోని ఐరన్ సల్ఫైడ్ గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తోందన్నమాట. రంగు మారితే వివరాలు పోతాయని ల్యాబులో మేం హడావిడిగా ఫొటోలు తీసేసి కోర్‌ను గాలి తగలకుండా చుట్టేస్తాం. గట్టు మీద పోసిన బురదను అలా చుట్టేవాళ్లు ఎవరూ ఉండరు. బల్ల మీద చిన్న ముక్కలో జరిగే మార్పు అక్కడ ఎకరాల మేర జరుగుతుంది. కంటికి కనబడేది ఇనుము మారడం ఒక్కటే. అదే ఆక్సిజన్ అందుకుని సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా మార్చడం నెలలు, ఏళ్ల తరబడి కనబడకుండా సాగుతుంది.

ఆ బురద వయసు ఎంతో చెప్పడానికి దారులున్నాయి. రేడియోధార్మిక సీసం లెడ్-210 అర్ధాయువు (సగం తరిగిపోయే కాలం) దాదాపు 22 ఏళ్లు, కాబట్టి గత 100–150 ఏళ్ల పొరలకు అది పనికొస్తుంది. అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కలిసిన సీజియం-137 మోతాదు 1963 ప్రాంతంలో గరిష్ఠానికి చేరింది, ఆ గుర్తు కోర్‌లో ఒక గీతలా దొరుకుతుంది. ఇంకా కిందికి పోతే 5,730 ఏళ్ల అర్ధాయువున్న కార్బన్-14 ఉంది. అంటే తవ్వి తీస్తున్నది నిన్నటి ఒండ్రా, వెయ్యేళ్ల నాటిదా అన్నది కొలిచి చెప్పవచ్చు. అయినా అనుమతి పత్రాల్లో దానికి ‘పూడిక’ అనే ఒకటే పేరు.

అంతకాలం ఆ కార్బన్ ఎలా నిలిచింది? అడుగుకు చేరిన సేంద్రియ పదార్థంలో చాలా భాగం నిజానికి నిలవదు. పైపైనే, మొదటి కొన్నేళ్లలోనే సూక్ష్మజీవులు తినేస్తాయి. మిగిలింది లోపలికి దిగేకొద్దీ ఆక్సిజన్ ఉండదు. అక్కడి సూక్ష్మజీవులు నైట్రేట్, మాంగనీస్, ఇనుము, సల్ఫేట్ – వరుసగా వీటితో నెట్టుకురావాలి. పని బాగా మందగిస్తుంది. బంకమట్టి రేణువుల సందుల్లో ఇరుక్కున్న భాగం వాటికి అందదు. ఇనుము పట్టి ఉంచుకున్నదీ అంతే. సముద్ర అవక్షేపాల్లోని సేంద్రియ కార్బన్‌లో ఐదో వంతుకు కాస్త పైగా, కచ్చితంగా చెప్పాలంటే సగటున 21.5 శాతం, ఇనుముకు అంటిపెట్టుకుని ఉందని 2012లో ఒక పరిశోధన చూపించింది. వీటిలో ఏదీ ఆ కార్బన్ సొంత గట్టిదనం కాదు. చీకట్లో, ఆక్సిజన్ లేకుండా, కదలకుండా ఉన్నంతకాలమే దానికి రక్షణ. చోటు మారితే ఆ రక్షణ పోతుంది. తవ్వకం గురించి మాట్లాడేటప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఇదే.

మీ పద్ధతుల్లో చూపంతా ఏటా ఎంత చేరుతోందన్న దాని మీదే ఉంటుంది. 2011లో వచ్చిన ఒక ప్రసిద్ధ సమీక్ష ప్రకారం చదరపు మీటరుకు ఏటా మడ అడవుల్లో సుమారు 226 గ్రాములు, ఉప్పు చిత్తడి నేలల్లో 218 గ్రాములు, సముద్రపు గడ్డిలో 138 గ్రాముల కార్బన్ పూడుతుంది. మొక్కల్లేని లగూన్ బురదకు సాధారణంగా ఇంత వేగం ఉండదు, అందులో వాదనకేమీ లేదు. అయితే నెలనెలా వేసే డబ్బు తక్కువైనంత మాత్రాన ఏళ్లుగా పోగైన ఖాతాలో నిల్వ లేదనం కదా. వేల ఏళ్లు మెల్లగా చేరింది మీటర్ల మందం ఉంటుంది. చేరే వేగం చూసి విలువ కడితే చేరడానికి పట్టిన కాలం లెక్కలోకి రాదు. తవ్వేవాడికి ఆ కాలమంతా ఒక్క సీజన్ పని.

గుణకారం ఎలా ఉంటుందో ఒక ఊహాజనిత ఉదాహరణతో చెబుతాను. ఘనమీటరు బురదలో ఎండు పదార్థం 0.8 టన్నులు, అందులో సేంద్రియ కార్బన్ 2 శాతం అనుకుందాం. ఘనమీటరుకు 16 కిలోల కార్బన్. ఒక హెక్టారులో మీటరు లోతు తవ్వితే 160 టన్నులు. అదంతా కార్బన్ డయాక్సైడ్‌గా మారితే 587 టన్నులవుతుంది. ఇప్పుడు 5 కిలోమీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పున పడవల కాలువ కోసం 2 మీటర్ల లోతు తవ్వారనుకోండి. పది లక్షల ఘనమీటర్ల బురద, 16 వేల టన్నుల కార్బన్, మొత్తం మారితే 58 వేల టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్. మొత్తం మారదు సరే, సగమే అనుకున్నా 29 వేల టన్నులు. ముఖద్వారం దగ్గరి ఇసుకలో అర శాతం కార్బన్ కూడా ఉండకపోవచ్చు, లోపలి మెత్తటి బురదలో 2 శాతం కంటే ఎక్కువే ఉండొచ్చు. ఎంతో తేల్చాల్సింది కొలత. కొలవకుండా సున్నా అని రాస్తే అవి కాకి లెక్కలే.

సముద్రాల అడుగున పై మీటరు అవక్షేపంలో సుమారు 2.3 లక్షల కోట్ల టన్నుల కార్బన్ ఉందని 2020లో ఒక అంచనా వచ్చింది. నేల మీద అదే లోతులో ఉన్నదానికి అది దాదాపు రెట్టింపు. అందులో నాలుగింట మూడు వంతులకు మించి మహాసముద్రాల అగాధ మైదానాల్లో ఉంది. రేవుల్లో తవ్వే డ్రెడ్జర్ అక్కడిదాకా వెళ్లదు. విస్తీర్ణం చూస్తే లగూన్ల వాటా చిన్నది. కానీ ఓడరేవు, పడవల కాలువ, రొయ్యల చెరువు, రియల్ ఎస్టేట్ – యంత్రం చేతికి అందేది ఆ చిన్న వాటాయే.

మీ నుంచి రాగల అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది, ఆ కార్బన్ ఎవరిదని. లగూన్‌లో చేరినదాంట్లో కొంత లోపలే పుట్టిన నాచు, గడ్డి. కొంత నది ఎక్కడో అడవుల్లోంచి, పొలాల్లోంచి మోసుకొచ్చింది. ఈ లగూన్ లేకపోతే అది మరోచోట పూడేదే కదా, దీన్ని ఈ సరస్సు ఖాతాలో ఎందుకు వేయాలి? క్రెడిట్ల విషయంలో ఈ ప్రశ్న సరైనదే. నేను క్రెడిట్లు వద్దంటున్నది ఇందుకు కూడా. కార్బన్-13 నిష్పత్తి, కార్బన్–నైట్రోజన్ నిష్పత్తి చూసి మూలాల్ని ఉజ్జాయింపుగా విడదీయవచ్చు కానీ ఆ విడదీతలో తేడాలు ఎక్కువ. నష్టం లెక్కకు మాత్రం ఇది అడ్డం రాదు. నది తెచ్చినా, నాచు వదిలినా, ఇప్పుడు అది ఈ బురదలో ఉంది. తవ్వి ఆరబెడితే గాలిలోకి పోయే కార్బన్ డయాక్సైడ్ తన పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకోదు.

రెండోది మీథేన్. లగూన్ బురద మీథేన్ వదులుతుంది కాబట్టి దాన్ని నిల్వ అనడం తప్పు అంటారు. సముద్రపు నీటిలో సల్ఫేట్ దండిగా ఉంటుంది. సల్ఫేట్‌తో బతికే సూక్ష్మజీవులు మీథేన్ పుట్టించేవాటికి తిండి మిగల్చవు. అందుకే మీ అనుబంధంలోనే, తిరిగి నీరు పెట్టిన తీర చిత్తడి నేలలకు లవణీయత వెయ్యికి 18 దాటితే మీథేన్ సున్నా అని, అంతకంటే తక్కువైతే హెక్టారుకు ఏటా 193.7 కిలోలు అని డిఫాల్ట్ విలువలు (సొంత కొలత లేనప్పుడు వాడే అంకెలు) ఇచ్చారు. నిజానికి 18 దాటాక కూడా మీథేన్ పూర్తిగా ఆగదు, ఎరువుల మురుగు ఎక్కువై నాచు విపరీతంగా పెరిగే చోట మరీనూ. అయినా ఆ గీత ఒక విషయం చెబుతోంది: ముఖద్వారం మూసుకుపోయి నీళ్లు చప్పబడితే అదే లగూన్ లెక్క తారుమారవుతుంది. ఇది కూడా కొలవాల్సిన విషయమే, లెక్క ఎగ్గొట్టడానికి సాకు కాదు.

గవ్వల సంగతి క్లుప్తంగా. గవ్వల్లోనూ కార్బన్ ఉంది కదా అని కొందరు దాన్ని కూడా లాభంలో కలిపేస్తున్నారు. కాల్షియం కార్బొనేట్ తయారయ్యేటప్పుడు నీటిలోకి కార్బన్ డయాక్సైడ్ విడుదలవుతుంది. కాబట్టి నమూనాను ముందు ఆమ్లంతో కడిగి, బుసబుసలు ఆగాక మిగిలిన సేంద్రియ కార్బన్‌నే కొలవాలి. ఇందులో మొహమాటానికి తావులేదు.

సముద్రపు అడుగున వలలు ఈడ్చే ట్రాలింగ్ మీద జరిగిన రభస మీకు గుర్తుండే ఉంటుంది. దానివల్ల, వల ఈడ్చిన తర్వాతి మొదటి ఏడాదిలో, సుమారు 147 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ నీటిలోకి విడుదలవుతోందని 2021లో ఒక పత్రం చెప్పింది. పేపర్లన్నీ దాన్ని విమానయానం ఉద్గారాలతో పోల్చి రాశాయి. ఆ కార్బన్ ఎంత త్వరగా కుళ్లుతుందన్న అంచనా బాగా ఎక్కువగా ఉందని వేరే శాస్త్రవేత్తలు గట్టిగా తప్పుపట్టారు. 2024లో వచ్చిన మరో లెక్క, ట్రాలింగ్ వల్ల నీటిలో చేరిన కార్బన్ డయాక్సైడ్‌లో 55–60 శాతం తొమ్మిదేళ్లలోపే గాలికి చేరుతుందని చెప్పింది. వాదన ఇంకా తెగలేదు. కదిలించిందంతా కుళ్లదు, నీటిలోకి వచ్చిందంతా వెంటనే గాలిలోకి పోదు అన్న జాగ్రత్త నాకు అందులోంచి అబ్బింది. అదే జాగ్రత్తతో లగూన్‌ను చూస్తే, దాని లోతు సాధారణంగా ఒకటి నుంచి మూడు మీటర్లు. గాలి వీస్తే నీరంతా అడుగుదాకా కలిసిపోతుంది. నీటిలోకి వచ్చిన వాయువు గాలిని చేరడానికి అక్కడ పెద్దగా అడ్డంకి లేదు. ఇక బురదను గట్టు మీదే పోస్తే మధ్యలో నీళ్లే లేవు.

వెనిస్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. బురద విషయంలో మనుషులు ఎన్ని రకాలుగా మాట మార్చగలరో అక్కడ కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. సుమారు 550 చదరపు కిలోమీటర్ల ఆ లగూన్ పూడిపోయి ఓడలు రాకుండా పోతాయన్న భయంతో వెనిస్ పాలకులు 15వ శతాబ్దం నుంచీ బ్రెంటా, పియావె, సీలె నదుల్ని లగూన్‌లోకి రానివ్వకుండా దారి మళ్లించారు. ఒండ్రు వాళ్లకు శత్రువు. మళ్లింపు విజయవంతమైంది, అవసరానికి మించి. 1960ల్లో ఆయిల్ ట్యాంకర్ల కోసం మలమొక్కో ముఖద్వారం నుంచి మార్గెరా రేవు దాకా లోతైన కాలువ తవ్వారు. కొత్త ఒండ్రు రాక ఆగింది, ఉన్న సన్నమట్టి కాలువ గుండా కొట్టుకుపోవడం పెరిగింది. ఇప్పుడు ఆ లగూన్ నికరంగా మట్టిని ఏడ్రియాటిక్ సముద్రానికి పోగొట్టుకుంటోంది. ఉప్పు చిత్తడి దిబ్బలు 19వ శతాబ్దంతో పోలిస్తే చాలా కుంచించుకుపోయాయి. దాంతో కొన్ని దశాబ్దాలుగా కాలువల్లో తవ్విన బురదనే తెచ్చి కొత్త దిబ్బలు కడుతున్నారు. 2020 అక్టోబర్ 3న తొలిసారి వరద వేళ ముఖద్వారాల్లో సముద్రాన్ని అడ్డుకునే మోజె గేట్లు ఎత్తి (ఎత్తితేనే దారి మూసుకుంటుంది) నగరాన్ని ముంపు నుంచి కాపాడారు. అయితే ఆ దిబ్బలకు మట్టి ఎక్కువగా అందేది తుపాను పోట్ల వేళే. గేట్లు మూస్తే అది తగ్గిపోతుంది. నగరం మునగాలని ఎవరూ అనరు. కానీ ఐదొందల ఏళ్లు వద్దనుకున్న బురదను ఇప్పుడు డబ్బు పెట్టి తిరిగి పేర్చుకుంటున్నారు. ఇంత జరిగినా కార్బన్ అనే పద్దు కిందికి అది రావడం ఈ మధ్యనే మొదలైంది.

తవ్వకమే తప్పు అని నేననడం లేదు. చిలికా ముఖద్వారం పూడుకుపోయి, నీళ్లు చప్పబడి, చేపలు తగ్గి, కలుపు కమ్మేసి 1993లో రామ్సర్ ప్రమాద జాబితా అయిన మాంట్రూ రికార్డులోకి ఎక్కింది. 2000 సెప్టెంబర్‌లో కొత్త ముఖద్వారం తవ్వాక ఉప్పదనం తిరిగొచ్చింది, చేపల దిగుబడి పెరిగింది, సముద్రపు గడ్డి కోలుకుంది. 2002లో ఆ జాబితా నుంచి పేరు తీసేశారు. అక్కడ తవ్వడమే మంచిదైంది. పులికాట్‌లోనూ ముఖద్వారాలు ఇసుక మేటలతో మూసుకుపోయినప్పుడల్లా జాలర్లు తవ్వమనే అడుగుతారు, అడగాల్సిందే. ముఖద్వారంలో ఉండేది ఎక్కువగా ఇసుక, అందులో కార్బన్ తక్కువ. సరస్సు మధ్యలో మెత్తటి బురదను కోసి కాలువ తీయడం వేరు. ఈ రెండింటినీ ఒకే ‘పూడికతీత’ కింద ఒకే ఫారంలో నింపడం దగ్గరే గొడవంతా మొదలవుతోంది. లెక్క ఉంటే చిలికాలాంటి తవ్వకానికి అది మేలే చేస్తుంది.

మార్ మెనోర్‌ది మరో దారి. 135 చదరపు కిలోమీటర్ల ఆ లగూన్‌లోకి చుట్టుపక్కల పొలాల ఎరువులు చేరి 2016లో నీళ్లు పచ్చటి సూప్‌లా మారాయి, వెలుతురు అందక అడుగు మొక్కల్లో 85 శాతం పోయాయి. 2019లో, 2021లో ఆక్సిజన్ అందక చేపలు కుప్పలు కుప్పలుగా ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. 2022లో స్పెయిన్ 19/2022 నంబరు చట్టం చేసి ఆ లగూన్‌కు చట్టపరమైన వ్యక్తి హోదా ఇచ్చింది. తన తరఫున కోర్టుకెక్కే హక్కు ఉన్న సరస్సు అది. మీ పద్ధతుల ప్రకారం చూస్తే, 2016కు ముందు ఆ అడుగు బురదలో కొంత భాగం సముద్రపు గడ్డి కింద ఉంది కాబట్టి లెక్కలోది. గడ్డి చచ్చాక, అక్కడే ఉన్న అదే బురద, ఏ లెక్కలోది? కాపాడాల్సిన అవసరం పెరిగిన రోజే అది మీ పట్టికలోంచి జారిపోయే ప్రమాదం వచ్చింది.

ఇక అడగాల్సినవి అడుగుతాను.

టాస్క్‌ఫోర్స్ వారు, తీర అధ్యాయాన్ని ఈసారి తిరగరాసేటప్పుడు తవ్వకం అన్న విభాగంలో ‘మొక్కలున్న’ అనే షరతు ఎత్తేయండి. మడ అడవులకు, గడ్డికి మీటరు లోతు దాకా మట్టి నిల్వ తీసుకోవాలన్న నియమం మీ దగ్గర ఇప్పటికే ఉంది. లగూన్ బురదకు దాన్ని ఉన్నదున్నట్టు అతికించొద్దు, ఎందుకంటే డ్రెడ్జర్ మీటరు దగ్గర ఆగదు. నిజంగా తవ్విన లోతునే తీసుకోమనండి. ఇసుకకు ఒకటి, మెత్తటి బురదకు ఒకటి చొప్పున రెండు డిఫాల్ట్ విలువలు ఇచ్చినా ఇప్పుడున్న సున్నా కంటే నయమే. ప్రపంచ సగటు ఒక్కటే ఇస్తే మాత్రం ఎవరూ కొలవరు, అందరూ ఆ అంకె పట్టుకుని చేతులు దులుపుకుంటారు. కొలవడం తేలికగా ఉండేలా, కొలవని దేశానికి ఎక్కువ అంకె పడేలా పెట్టండి.

దేశాల లెక్కలు కట్టేవారికి: మీ దగ్గర సమాచారం లేదనే మాట పూర్తిగా నిజం కాదు. లండన్ ఒప్పందం, దాని 1996 ప్రోటోకాల్ ప్రకారం తవ్విన బురదను సముద్రంలో పారబోయాలంటే ముందు దాన్ని పరీక్షించాలి. అందుకని పాదరసం, కాడ్మియం, సీసం లాంటివన్నీ చూస్తారు. కాలుష్యం అంకెల్ని సరిపోల్చుకోవడానికి చాలాసార్లు సేంద్రియ కార్బన్ శాతం కూడా తీస్తారు. అంటే అంకె పట్టికలో ఒక మూల ఉండనే ఉంది. దాన్ని తవ్విన ఘనపరిమాణంతో, ఎండు సాంద్రతతో గుణించేవాళ్లే లేరు. చాలా నివేదికల్లో లేనిది ఆ ఎండు సాంద్రత ఒక్కటే. తెలిసిన ఘనపరిమాణంలో బురద తీసి, ఓవెన్‌లో ఆరబెట్టి, తూచడమే దానికి కావాల్సిన పని. ఏ చిన్న ల్యాబైనా చేయగలదు.

అనుమతులిచ్చేవారితో మాట మరికాస్త ఉంది. ఎంత తవ్వుతున్నారో మీ ఫారంలో రాయిస్తారు, దాన్ని ఎక్కడ పోస్తున్నారన్నది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నిజానికి ఎక్కువ తేడా అక్కడే వస్తుంది. నీటి అడుగునే, ఆక్సిజన్ అందని లోతు గుంటలో తిరిగి పెడితే నిల్వలో ఎక్కువ భాగం మిగులుతుంది. చిత్తడి దిబ్బలు కట్టడానికి వాడి, తడిగా ఉంచితే కొంత పోయినా పైన మొక్కలు లేస్తాయి. పల్లపు నేల నింపడానికి పలచగా పరిచి ఆరబెడితే అన్నిటికంటే ఎక్కువ నష్టం. కార్బన్ ఒక్కటే కాదు, అలాంటి బురదలో ఉండే పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) గాలి తగిలి సల్ఫ్యూరిక్ ఆమ్లం అవుతుంది. గవ్వ పొడి లాంటిది తగినంత లేకపోతే ఆ నేలలో ఏదీ మొలవదు, వానలకు ఆ ఆమ్లం, దాంతోపాటు లోహాలూ పక్క నీళ్లలోకి దిగుతాయి. నేల మెరక చేశామని సంబరపడినవాళ్లు తర్వాత సున్నం బస్తాలు మోయాల్సి వస్తుంది. కాబట్టి పోసే చోటును మ్యాప్ మీద గుర్తించమనండి. అది తడిగా ఉంటుందా, ఆరుతుందా రాయించండి. తవ్వకం అయిన ఏడాది తర్వాత ఒకసారి, ఐదేళ్ల తర్వాత ఇంకోసారి అదే చోట కోర్ తీసి కార్బన్ ఎంత మిగిలిందో కొలవమనండి. ఆ ఖర్చు కాంట్రాక్టు మొత్తంలో ముందే కలపండి. తర్వాత అడిగితే ఏ కాంట్రాక్టరూ ఇవ్వడు.

తవ్వే ముందు తీసే కోర్ల విషయంలో చిన్న మాట. తవ్వబోయే కాలువ పొడవునా, తవ్వబోయే లోతు అంతటా తీయాలి, ఒడ్డున అందుబాటులో ఉన్నచోట పై పది సెంటీమీటర్లు గీరుకొస్తే చాలదు. గొట్టం దించేటప్పుడు బురద నొక్కుకుపోయి పొడవు తగ్గుతుంది, ఎంత తగ్గిందో అక్కడే స్కేలుతో చూసి రాయకపోతే తర్వాత సరిదిద్దడానికి వీలుండదు. కోర్లలో సగాన్ని కోయకుండా చల్లగా భద్రపరచమనండి. ఆ కాలువ తవ్వేశాక ఆ బురద మళ్లీ ఎవరికీ దొరకదు. లెక్క మీద ఎప్పుడైనా తగాదా వస్తే చూపించడానికి మిగిలేవి ఆ గొట్టాలే.

ఇట్లు,
లగూన్ బురద కోర్లతో రోజూ పనిచేసే ఒక వ్యక్తి